పీట తేలిన వేసవి

కొత్తగా ఉద్యోగంలో చేరే ఇంజనీర్లకు పనికొచ్చేలా ఏదైనా రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. బావి ఎలా తవ్వించాలో, ఎంత నీటికి ఎంత మోటారు కావాలో పుస్తకాల్లో ఉంది. చదువుకోండి, అవి తప్పు కాదు. నేను రాస్తున్నది వాటిలో లేని సంగతి. నీళ్ళు ఒక ఆఫీసుకీ, కరెంటు ఒక ఆఫీసుకీ, పంట మరొక ఆఫీసుకీ అప్పజెప్పి, మూడూ కలిసే చోట బతికే మనుషుల్ని మాత్రం ఎవరికీ అప్పజెప్పకపోతే ఏమవుతుందో నేను ఒక వేసవిలో చూశాను. ఇన్నేళ్ళయినా ఆ కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని నేను ప్రయత్నించలేదు కూడా.

నందిగామలోనూ తర్వాత జగ్గయ్యపేటలోనూ చిన్న నీటివనరుల ఓవర్సీరుగా పనిచేశాను. కృష్ణా జిల్లా అనగానే కాలవలూ వరిచేలూ గుర్తొచ్చేవాళ్ళకి మా మెట్ట తెలియదు. నది మా పక్కనుంచే పోతుంది. వేదాద్రిలో రేవు మెట్ల మీద కూర్చుంటే కాళ్ళు తడుస్తాయి. అక్కడినుంచి కాస్త లోపలికి వస్తే చేదకి తాడు చాలదు. మునేరూ పాలేరూ వానాకాలంలో పారతాయి, శివరాత్రి దాటితే ఇసుక మిగులుతుంది. నేల కింద సున్నపురాయి. ఆ రాతి పగుళ్ళలో ఉన్న నీళ్ళే ఊరంతటికీ ఆధారం. మనం బావులు విడివిడిగా తవ్వుతాం, పట్టాలు విడివిడిగా రాసుకుంటాం. కింద పగుళ్ళు మన పట్టాలు చదవవు.

చేదతాడు

పందొమ్మిది వందల యాభైల్లో నందిగామలో నా మొదటి పై అధికారి పొట్టిగా, ముక్కుపొడి పీలుస్తూ, ఎవరినీ పొగడని మనిషి. మొదటి వారంలోనే నన్నొక ఊరికి పంపి, తిరిగొచ్చాక అడిగాడు.

"ఏం చూసొచ్చావయ్యా?"

"మంచినీళ్ళ బావి చూసానండి. నీళ్ళు బానే ఉన్నాయి."

"తాడు చూసావా?"

"తాడేంటండి?"

"చేదతాడు. నీళ్ళు దిగే కొద్దీ ఆడాళ్ళు తాడుకి ముక్కలు కలుపుతారు. నువ్వెళ్ళే ముందు రోజు జల్లు పడితే బావి నిండుగా కనపడుద్ది. తాడుకున్న ముడి మాత్రం అక్కడే ఉంటుంది. రేపు మళ్ళీ వెళ్ళు. బస్సు ఛార్జీ నేనివ్వను."

మళ్ళీ వెళ్ళాను. తాడుకి ముడులు ఉన్నాయి. ఆయన దగ్గర నేర్చుకున్నది అదొక్కటే, అది చాలు. ఆయన తర్వాత వచ్చిన అధికారులు ఎన్ని బావులు పూర్తయ్యాయని అడిగారు. బావిలో నీళ్ళున్నాయా అని అడిగినవాడు నా ఉద్యోగకాలంలో మరొకడు తగల్లేదు.

చావిడి మేకులు

నేను చెప్పబోయే ఊరు జగ్గయ్యపేటకు పాలేరు వైపున ఉంది. పేరు రాయను. అక్కడివాళ్ళు ఇంకా ఉన్నారు.

ఆ ఊరికి ఎడంగా, అంటరానివాళ్ళని ఊరు పక్కన పెట్టినవాళ్ళుండే పల్లెలో మిషన్ బడి ఉండేది. మా అక్క మార్త అందులో టీచరు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే నన్ను చదివించింది ఆమే. నాకు పుస్తకాల పిచ్చి అంటించిందీ ఆమే. జగ్గయ్యపేట లైబ్రరీ నుంచి నేను తెచ్చిన పుస్తకం ముందు ఆమె చదివి, అందులో ఎక్కడ రచయిత డాబు పోయాడో చెప్పి, అప్పుడు నాకిచ్చేది. పెళ్ళి మాట ఎత్తితే, "బడినిండా పిల్లలున్నారుగా, ఇంకా కావాలా?" అనేది.

పల్లెవాళ్ళు ఎక్కువమంది క్రైస్తవులు, కూలిపని చేసేవాళ్ళు. వాళ్ళకి ఒకే బావి. ఊళ్ళో బావులన్నిటికంటే లోతు తక్కువది, కాబట్టి అన్నిటికంటే ముందు ఎండేది. ఆ బావి లోపల ఒకచోట రాయి పీటలాగా ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. నీళ్ళు దాని కిందికి దిగితే పల్లెపెద్ద చావిడి దగ్గరికి వచ్చి ఒక్కమాట చెప్పేవాడు. "పీట తేలిందండి."

అప్పటికి పొలాల్లో నీళ్ళు తోడేది ఎద్దుల మోటలతో. మోట బానకి అడుగున తోలు తొండం ఉంటుంది. అది లేకపోతే నీళ్ళు కాలవలో పడవు. పీట తేలిందన్న కబురు రాగానే రైతులు వంతులు వేసుకుని రోజు విడిచి రోజు మోట ఆపేవాళ్ళు. ఆపిన రైతు తొండం విప్పి తెచ్చి, చావిడి గోడకున్న మేకుకి తగిలించేవాడు. ఎవరు ఆపారో ఎవరు ఆపలేదో దారిన పోయే ప్రతివాడికీ కనిపించేది. కాపలా లేదు, జరిమానా లేదు. ఖాళీ మేకు ఉన్నవాడికి చావిడి అరుగు మీద కూర్చోవడం కష్టమయ్యేది, అంతే.

ఇందులో దయ ఉందని పొరపడకండి. ఊరి పెద్దరైతు సీతారామయ్య గారిని నేనొకసారి అడిగాను. ఆయన చుట్ట పక్కకి తీసి చెప్పారు.

"దయేంటయ్యా ఓవర్సీరూ. పల్లెలో నీళ్ళు లేకపోతే ఆడాళ్ళు పొద్దున్నే నీళ్ళకి పాలేరు పోతారు. పాలేరు పోతే నా మిరపకోతకి ఎవరొస్తారు? పైగా పల్లె బావి ఎండిందంటే రేపు మా బావి ఎండుద్ది. ముందు దగ్గేవాడు కదా జబ్బు సంగతి చెప్పేది."

ఆ జవాబు నాకు నచ్చింది. మంచితనం మీద నడిచే ఏర్పాటు ఒక తరం నిలుస్తుంది. అవసరం మీద నడిచేది ఎక్కువకాలం నిలుస్తుంది. ఎవరూ దాన్ని పాడుచెయ్యకపోతే.

కరెంటు

అరవైల మొదట్లో ఆ ఊరికి కరెంటు వచ్చింది. నేను కరెంటుకి వ్యతిరేకిని కాదు. మెడ కాయలు కాచిన ఎద్దుల్ని చూసినవాడెవడూ వ్యతిరేకి కాలేడు. కానీ ఎద్దు అలిసిపోతుంది. అది నిలబడి రొప్పే సేపట్లో బావిలో ఊట ఊరుతుంది. మోటారు రొప్పదు. ఈ చిన్న తేడా సంగతి ఏ ఆఫీసులోనూ ఎవరూ మాట్లాడలేదు.

మాట్లాడిన సంగతులు వేరు. కరెంటు ఆఫీసు వాళ్ళు లైను వెయ్యాలంటే ఊళ్ళో ఇన్ని మోటార్లు ఉండాలనీ, ప్రతి మోటారూ కనీసం ఇంత కరెంటు వాడి తీరాలనీ షరతు పెట్టారు. వ్యవసాయ శాఖ వాళ్ళు అధికాహారోత్పత్తి అంటూ వేసవి వరి వెయ్యమన్నారు. జొన్నచేలు తగ్గి వరిమళ్ళు పెరిగాయి. పల్లెకి కూలి గింజలుగా వచ్చేది జొన్నలే, వాళ్ళు తినేదీ అదే. కాబట్టి ఆహారోత్పత్తి పెరిగిన సంవత్సరం పల్లెలో తిండి తగ్గింది. ఇది నేను వెటకారానికి రాయడం లేదు. అలాగే జరిగింది.

ఆ వేసవి ఉగాదికి ఎంతో ముందే పల్లెపెద్ద చావిడికి వచ్చాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

"పీట తేలిందండి."

రైతులు గోడ వంక చూశారు. మేకులు ఉన్నాయి. తగిలించడానికి తొండాలు లేవు. మోటారుని విప్పి తేలేరు కదా.

"ఫ్యూజులు పీకి తగిలిద్దాం," అన్నాడు ఒకతను.

"పీకి తగిలిస్తావు, సాయంత్రం పేట పోయి ఇంకో ఫ్యూజు కొనుక్కొచ్చి పెడతావు. నీ సంగతి నాకు తెలీదా బావా," అన్నాడు పక్కవాడు. అందరూ నవ్వారు. ఆ బావ కూడా నవ్వాడు.

సీతారామయ్య గారు అందుకున్నారు. "మీటరు పక్కన ఇంకో ఫ్యూజుంటదిగా, కరెంటాఫీసోళ్ళు సీలేసింది. అది కొట్లో దొరకదు. అది తగిలిద్దాం."

అలా ఆ మధ్యాహ్నం సగం మోటార్ల సీళ్ళు తెగాయి. తెల్లటి పింగాణీ ఫ్యూజులు తాడుకి కట్టి చావిడి మేకులకి వేలాడదీశారు. మర్నాడు అవి దించుకున్నారు, మిగతా సగం వాళ్ళు తమవి తగిలించారు. అంత నిజాయితీగా నేరం చేసిన మనుషుల్ని నేను మళ్ళీ చూడలేదు.

కొద్ది రోజుల్లో రెండు మార్పులు కనిపించాయి. పల్లె బావిలో పీట మళ్ళీ నీళ్ళలోకి పోయింది. రెండోది నేను ఊహించనిది. అన్ని మోటార్లూ ఒకేసారి ఆడినప్పుడు లైనులో బలం పడిపోయి, ఊళ్ళో దీపాలు మినుకుమంటూ, మోటార్లు వేడెక్కి మూలిగేవి. సగమే ఆడేసరికి అవి సుఖంగా తిరిగాయి. వరికీ నీళ్ళు ఆలస్యంగానైనా అందాయి. మూడు ఆఫీసులు చెయ్యలేని పని ఒక మట్టిగోడా కొన్ని మేకులూ చేశాయి.

సీలు

ఒకరోజు కరెంటు ఇంజనీరు జీపులో తనిఖీకి వచ్చాడు. చావిడి ముందు ఆగి గోడ వంక చూశాడు.

"ఇదేంటి, మ్యూజియమా?"

"చావిడండి," అన్నారు సీతారామయ్య గారు. "పీట తేలితే వంతులేసుకుని ఆపుతాం."

"ఏం పీట?"

"పల్లె బావిలో రాయండి."

"బావిలో రాయి కనపడిందని గవర్నమెంటు సీలు తెంపుతారా? అరెస్టు చేయించొచ్చు మిమ్మల్ని, తెలుసా?"

"తెలీదండి. చెప్పారుగా, ఇప్పుడు తెలిసింది."

వెనకెవరో నవ్వారు. ఆ నవ్వు మాకు చాలా నష్టం చేసింది. ఇంజనీరు మొహం ఎర్రబడింది. ఫ్యూజులన్నీ తీయించి, మళ్ళీ సీళ్ళు వేయించి, ఇంకొకసారి తెంపితే కనెక్షన్లు కోసేస్తానని చెప్పి, పోలీసులకి కాగితం పెట్టాడు.

ఆయన దుర్మార్గుడు కాదు. లంచం తీసుకునేవాడూ కాదు. దుర్మార్గుడైతే నా కోపానికి తేలిగ్గా ఉండేది. తన కళ్ళముందు వేలాడుతున్నది తన లైనుని కాపాడుతున్నదేనని చూడలేకపోయాడు. ఆయన చదివిన చదువులో సీలు ఉంది, పీట లేదు.

నందిగామలో ఒక బల్ల

నేను అన్నీ వివరంగా రాసి మా బ్లాకు ఆఫీసరుకి ఇచ్చాను. నందిగామలో సమావేశం పెట్టారు. మూడు శాఖలవాళ్ళూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

"ప్రతి మోటారూ కనీస వాడకం వాడాలి. లేకపోతే ఈ లైను నష్టం కింద రాస్తారు. సంజాయిషీ నేనిచ్చుకోవాలి," అన్నాడు కరెంటు ఇంజనీరు.

"వరి ఎకరాల లెక్క పైకి పంపేసానండి. ఇప్పుడు పొట్ట మీదుంది పైరు. ఆపమంటే ఎలా?" అన్నాడు వ్యవసాయాధికారి.

"ఆపమనడం లేదండి. వంతులు వేసుకోనివ్వండి," అన్నాను. "సీలు మీరే విప్పి, ఆ ఫ్యూజు మీరే వాళ్ళకివ్వండి. వంతు అయ్యాక మీ లైన్‌మన్ పెడతాడు."

"అలాంటి రూలు లేదు."

బ్లాకు ఆఫీసరు నా వంక చూసి చిరునవ్వు నవ్వాడు. "దానియేలు గారూ, మీ అక్కగారు ఆ పల్లెలోనే ఉంటారటగా?"

"అవునండి."

"అదీ సంగతి." నా కాగితాలు మూసి పక్కన పెట్టాడు. "పల్లెకి కొత్త బావి వచ్చే బడ్జెట్టులో పెడదాం."

"అప్పటిదాకా ఏం తాగుతారండి?"

"ఊళ్ళో బావులున్నాయిగా, పొయ్యరా ఏంటి?"

పల్లె ఆడవాళ్ళు ఊరి బావిలో చేద వెయ్యడానికి లేదని, దూరంగా నిలబడి ఎవరైనా పోసేదాకా చూడాలని ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు. తెలిసే అన్నాడు. నేను ఉద్యోగంలో చాలా మాటలు పడ్డాను, చాలావరకు మర్చిపోయాను. ఇది మర్చిపోలేదు. అక్క ఉన్న ఊరి గురించి మాట్లాడితే స్వార్థం. ఎవరూ లేని ఊరి గురించి మాట్లాడకపోతే అది నిష్పక్షపాతం. అలా ఉండేది ఆ లెక్క.

ఆదివారం వెళ్ళి జరిగింది అక్కకి చెప్పాను. విని, "ఆ ముగ్గురికీ తలా ఒక బిందె ఇచ్చి పాలేరు పంపలేకపోయావా? సాయంత్రానికి రూలు పుట్టేది," అంది. తర్వాత, "నువ్వు చెప్పాల్సింది చెప్పావు తమ్ముడూ. ఇంక తిను," అంది. వాకిట్లో చేదతాడు చుట్టి ఉంది. చివర పాత చీర పేలిక కట్టి ఉంది. అది నేను అంతకు ముందు చూడలేదు.

ఒంటిపూట బడి

సీళ్ళు పడ్డాక వంతులు పోయాయి. మీరొక్కరైనా ఆపండని సీతారామయ్య గారిని అడిగాను.

"నేనాపితే నా ఊట పక్కోడి బావిలోకి పోద్ది. నా వరి ఎండుద్ది, వాడిది పండుద్ది. పల్లెకి చుక్క మిగలదు. ఆపితే అందరూ ఆపాలయ్యా. అందరూ ఆపారని తెలియటానికే ఆ మేకులు. వాటిని మీవాళ్ళు పనికిరాకుండా చేసారు."

ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. ఎవరి మోటారు వాళ్ళు కరెంటున్నంతసేపూ నడిపారు. పక్కవాడు నడుపుతున్నాడు కాబట్టి నడిపారు. పీట తేలింది. తర్వాత పీట కింది బురద తేలింది. పల్లెపెద్ద చావిడికి రావడం మానేశాడు. వచ్చి ఎవరికి చెప్తాడు?

ఆడవాళ్ళు పాలేటి ఇసుకలో చెలమలు తవ్వి నీళ్ళు తెచ్చుకున్నారు. అప్పుడు ఒంటిపూట బళ్ళు. బడిలో పిల్లలకి తాగడానికి కుండ నింపాలి. అంతకుముందు పెద్ద ఆడపిల్లలు వంతులవారీగా నింపేవాళ్ళు. ఆ ఎండలో అంతదూరం పిల్లల్ని పంపనని మా అక్క తనే వెళ్ళింది. ఒకరోజు వెళ్ళి వచ్చింది. అలా కొన్నాళ్ళు వెళ్ళి వచ్చింది. ఒకరోజు బడి వదిలాక, మర్నాటి కుండ కోసం వెళ్ళి, తిరిగి వస్తూ దారిలో పడిపోయింది. ముందు నడుస్తున్న ఆడవాళ్ళు బిందె పడిన చప్పుడు విని వెనక్కి చూశారు.

సీతారామయ్య గారి బండి మీదే పేట ఆస్పత్రికి తెచ్చారు. ఆ రోజు ఆఫీసు పని మీద వెళ్ళిన నేను నందిగామ నుంచి బస్సులో వచ్చేసరికి అయిపోయింది.

వడదెబ్బ అన్నారు. ఎండ ప్రతి ఏడూ ఉంది. మా అక్క ఆ ఊళ్ళో ఉన్న అన్ని వేసవుల్లోనూ ఉంది.

మూడు నివేదికలు

ఆమెని పల్లె సమాధుల దొడ్లో పెట్టిన మర్నాడు ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. అన్ని మోటార్లూ ఒకేసారి లాగితే ఏమవుతుందో అదే అయింది. కొత్తది రావడానికి చాలా రోజులు పట్టింది. అప్పటికి గింజ పాలు పోసుకుంటున్న వరి నిలబడి ఎండిపోయింది. మోటలు ఎప్పుడో అమ్మేశారు. సీతారామయ్య గారు చేలో గట్టు మీద కూర్చుని ఉంటే నేను పక్కనుంచి వెళ్ళాను.

తర్వాత పై ఆఫీసులకి మూడు నివేదికలు వెళ్ళాయి. ట్రాన్స్‌ఫార్మరు అధిక లోడు వల్ల కాలిందని కరెంటు శాఖ రాసింది. కరెంటు లేక వరి ఎండిందని వ్యవసాయ శాఖ రాసింది. టీచరు ఎండ దెబ్బకి పోయిందని బడివాళ్ళు రాశారు. మూడూ నిజాలే. మూడూ ఒకే ఊళ్ళో ఒకదాని వెంట ఒకటి జరిగాయనీ, మూడింటికీ ఒకటే కారణమనీ, ఆ కారణాన్ని ఆపుతున్న మేకుల గోడని మనమే ఖాళీ చేయించామనీ ఎవరూ రాయలేదు. నేను రాశాను. నా కాగితానికి జవాబు రాలేదు. ఇంజనీరుకి తర్వాత ప్రమోషన్ వచ్చింది. బ్లాకు ఆఫీసరుకీ వచ్చింది. నాకూ వచ్చింది.

ఉద్యోగంలో చేరేవాళ్ళకి నేను చెప్పగలిగింది తక్కువ. ఒక ఊళ్ళో మీకు అర్థంకాని ఏర్పాటు కనిపిస్తే, అది మీ రూలుకి అడ్డంగా ఉంటే, ముందు అది దేన్ని ఆపుతోందో కనుక్కోండి. తర్వాత తీసెయ్యండి, తీసెయ్యాలనే అనిపిస్తే. పంట లెక్క అడిగేటప్పుడు ఆ పంటకి నీళ్ళెక్కడివో అడగండి. మోటారు ఇచ్చేటప్పుడు, అది ఆడుతున్నంతసేపూ పక్కన ఎవరు ఏం తాగుతారో అడగండి. ఇది మా శాఖ పని కాదని మీ పై అధికారి అంటాడు. అననివ్వండి, మీరు అడగండి. మీరు అడిగినందుకు మీకు అక్కడ చుట్టాలున్నారా అంటారు. ఉన్నారని చెప్పండి.

అక్క సామాను సర్దడానికి ఆమె ఇంటికి వెళ్ళాను. పుస్తకాలు తప్ప పెద్దగా ఏమీ లేవు. తిరిగి వస్తూ పల్లె బావి దగ్గర ఆగాను. ఒకావిడ నీళ్ళు తోడుతోంది. చేద లోపలికి వెళ్ళి వెంటనే నీళ్ళ చప్పుడైంది.

"మోటార్లు ఆగిపోయాయి కదండీ, ఊరాయి," అంది. "పీట కూడా మునిగింది. టీచరమ్మ తమ్ముడు గారు కదూ? దాహం పుచ్చుకుంటారా?"

దోసిలి పట్టాను. ఆమె పోసింది. తాగాను. చల్లగా, మంచి నీళ్ళు. అక్క పడిపోయిన రోజున కూడా అవి ఆ నేలలోనే ఉన్నాయి.